మాట ఉన్నది - వస్తువు ఏది?

"ఆ ఇంట పొయ్యిలో పిల్లి లేవలేదు" అను మాటకు అర్థమేమని ఉన్నత పాఠశాల విద్యార్థి నెవరినైనను అడిగి చూడుడు. పరీక్షకు చదివిన బాలుడైనచో "కడు పేదరికము" అని తడుముకొనక చెప్పును. మార్కు కూడ వచ్చును. కాని "పిల్లికిని పేదరికమునకును సంబంధమేమి? అసలు పిల్లి పొయ్యిలో ఏల ఉన్నది?" అని రెండవ ప్రశ్న వేసినచో సమాధానము రాదు. వాని ఇంట ఉన్నది గ్యాసు పొయ్యి. అందులో పిల్లి పడుకొనుటకు చోటు లేదు.

మట్టి పొయ్యిని ఎరిగినవారికి ఈ ప్రశ్న కష్టమైనది కాదు. రాత్రి వంట ముగిసిన పిదప నిప్పు ఆరును గాని, పొయ్యి గోడలు గ్రహించిన వేడిమి వెంటనే పోదు. మందమైన మట్టి మెల్లగా వేడెక్కును, మెల్లగానే చల్లారును. పైగా బూడిద రేణువుల నడుమ గాలి చిక్కుకొని ఉండును. గాలి ఉష్ణమును సులభముగా ప్రసరింపనీయదు. కనుక బూడిద క్రింది వెచ్చదనము చాలసేపు నిలిచి ఉండును. చలిరాత్రి పిల్లికి అంతకు మించిన పడక దొరకదు. తెల్లవారి ఇల్లాలు పొయ్యి రాజేయుటకు వచ్చినపుడు పిల్లి లేచిపోవలెను. వండుటకు గింజలు లేని ఇంట పొయ్యి రాజేయువారు లేరు. పిల్లిని లేపువారును లేరు. వేడి చల్లారినను మెత్తని బూడిదలో అది అట్లే పడి ఉండును.

ఇంత విషయమును మన పెద్దలు మూడు మాటలలో ఇమిడ్చిరి. ఉష్ణవాహకత్వము అను పేరు వారికి తెలియకపోవచ్చును; పిల్లి ఎక్కడ పడుకొనునో, ఎందుకు పడుకొనునో వారు చూచిరి. చూచినదానిని చెప్పిరి. ఇటువంటి పలుకుబడి ప్రతియొక్కటియు ఒక చిన్న పరిశీలన నివేదిక వంటిది. వస్తువు కంటి ఎదుట ఉన్నంత కాలము ఆ నివేదికను ఎవరును వివరింపనక్కరలేదు. వస్తువు పోయిన తరువాత వివరింపక తప్పదు. మన బడులలో ఆ వివరణము జరుగుచున్నదా అనునదే ఈ వ్యాసమున విచారించు విషయము.

రెండు గడుల పట్టిక

తెలుగు పరీక్షలకు సిద్ధము చేయు గైడు పుస్తకములలో జాతీయములకు ఒక పట్టిక ఉండును. ఎడమ గడిలో జాతీయము, కుడి గడిలో అర్థము. విద్యార్థి రెంటిని కలిపి కంఠస్థము చేయును. సైన్సు పాఠములో ప్రయోగము చేయింపక ఫలితమును మాత్రమే వ్రాయించు ఉపాధ్యాయుని మనము మెచ్చుకొనము. భాషా పాఠములో మాత్రము అదే పనిని ఏ సంకోచమును లేక చేయుచున్నాము. ఫలితమును మాత్రమే నేర్చినవాడు దానిలో పొరపాటు దొర్లినను గుర్తింపలేడు. ఇందుకు "గానుగెద్దు" మంచి ఉదాహరణము.

గానుగెద్దు అనగా "వ్యర్థముగా శ్రమించువాడు" అని కొందరు అర్థము చెప్పుదురు. గానుగను చూచినవాడు ఆ మాట అనడు. కండ్లకు గంతలు కట్టుకొని ఎద్దు ఒకే వలయమున తిరుగును; బయలుదేరిన చోటికే మరల వచ్చును. భౌతికశాస్త్ర పరిభాషలో చెప్పినచో ఒక చుట్టు పూర్తియైనప్పుడు దాని స్థానభ్రంశము సున్న. అయితే అది చేసిన పని కూడ సున్నయేనా? కాదు. ఎద్దు నడచు దిశ మారినకొలది అది లాగు బలము దిశయు మారుచునే ఉండును. అడుగడుగునను బలమును కదలికయు ఒకే దిక్కున ఉండును. గానుగ కాడి పొడవు 2 మీటర్లు, ఎద్దు లాగు బలము 300 న్యూటన్లు అని అనుకొందము. ఒక చుట్టుకు అది నడచు దూరము సుమారు 12.56 మీటర్లు, చేసిన పని సుమారు 3,770 జౌళ్లు. ఆ పని వలననే గింజ నలిగినది, నూనె వచ్చినది. శ్రమ వ్యర్థము కాలేదు. ఆ నూనె ఎద్దుది కాకపోయినది, అంతే. ఈ బాధ అంతయు ఆ మాటలో ఉన్నది. "వ్యర్థశ్రమ" అని కుడి గడిలో వ్రాసినవారు భౌతికశాస్త్రమున తప్పినారు, తెలుగునను తప్పినారు.

పదహారణాల లెక్క

ఇక డబ్బు సంగతి చూతము. "పదహారణాల తెలుగు" అనగా ఏ లోపము లేని తెలుగు. రూపాయికి 16 అణాలని తెలిసినవారికి ఇందులో సందేహము లేదు. 1957 ఏప్రిల్ 1వ తేదీన మన దేశమున దశాంశ నాణెములు వచ్చినవి. రూపాయికి 100 నయాపైసలైనవి. 1964లో "నయా" అను మాటను తొలగించిరి. ఇపుడు బడిలో చదువుచున్న బాలునకే కాదు, వాని తండ్రికి సయితము అణా చేతికి వచ్చి ఎరుగడు. నూటికి నూరు అని చెప్పుటకు అలవాటుపడిన చెవికి "పదహారు" నిండైన అంకెగా వినబడదు. నూటికి పదహారు మార్కులని బాలుడు భ్రమించినచో తప్పు వానిదా?

కాని ఈ పదహారు వెనుక ఒక చక్కని గణితము కలదు. మన పాత భిన్నముల పేర్లు వరుసగా చదువుడు: అర, పాతిక, పరక, వీసము. అనగా 1/2, 1/4, 1/8, 1/16. ప్రతిదియు ముందున్నదానిలో సగము. రూపాయి కూడ అట్లే భాగింపబడినది: అర్ధరూపాయి, పావలా, బేడ, అణా. అణా అనగా రూపాయిలో వీసము. సగము చేయుటకు లెక్కలు రానవసరము లేదు. త్రాసు రెండు తట్టలు సమముగా నిలిచినచో సరిపోవును. సగమును మరల సగము చేయవచ్చును. ఒక పోగును పది సమభాగములు చేయుట త్రాసుతో అంత సులభము కాదు. "వానిలో వీసమెత్తు మార్పు రాలేదు" అనువారు ఎరుగకయే ఈ లెక్కను ఉచ్చరించుచున్నారు. ఈనాటి గణనయంత్రములు కూడ రెండు అంకెలతోనే లెక్క నడుపుచున్నవని విద్యార్థికి చెప్పినచో, 2, 4, 8, 16 అను వరుస వానికి పాతదిగా తోచదు.

"పాతిక" కథ మరియొక విధమైనది. భిన్నముగా దానిని మరచినారు; కాని "పాతిక రూపాయలు" అనుచునే ఉన్నారు. నూటిలో నాలుగవ వంతు గనుక ఇరువదియైదు. భిన్నము పోయి సంఖ్య మిగిలినది. మాట బ్రతుకుటకు ఇదియొక దారి.

"పావలా కోడికి ముప్పావలా మసాలా" అను సామెతకు మరియొక దారి దొరికినది. 25 పైసల నాణెము 2011 జూన్ 30వ తేదీ నుండి చెల్లుబాటు కాకుండ పోయినది. పావలాకు కోడి దొరకు కాలము అంతకు ఎంతో ముందే గడచినది. అయినను సామెత చావలేదు. ఎందువలన? అందులో చెప్పబడినది ధర కాదు, నిష్పత్తి. కోడి ఖరీదు ఒక వంతు, మసాలా ఖరీదు మూడు వంతులు. కోడి 200 రూపాయలైనచో మసాలా 600 అని వేసుకొనవచ్చును, హాస్యము చెడదు. ప్రమాణము మారినను నిష్పత్తి మారదను గణిత పాఠమునకు ఇంతకంటె రుచికరమైన ఉదాహరణము దొరకునా?

ఇచ్చట ఒక సూత్రము కనబడుచున్నది. వస్తువుల నడుమనున్న సంబంధమును చెప్పు మాట, వస్తువు పోయినను అర్థమగును. వస్తువు స్వభావము మీదనే ఆధారపడిన మాట, వస్తువుతోపాటు మసకబారును. మొదటిదానికి వివరణము అంతగా అక్కరలేదు. రెండవదానికి తప్పక కావలెను.

గడియ నుండి గడియారము

"ఒక్క గడియ ఆగుము" అన్నచో నేటి బాలునకు తలుపు గడియయే ముందు తోచునేమో! కాలమును కొలుచు గడియ 24 నిమిషములు. దినమునకు 60 గడియలు. అడుగున సన్నని రంధ్రముగల గిన్నెను నీటిపై విడిచెడివారు. నీరు మెల్లగా ఎక్కి గిన్నె మునుగుటకు పట్టు కాలము ఒక గడియ. ఆ పాత్ర పేరు "ఘటి". దాని నుండియే గడియ, గడియారము అను మాటలు వచ్చినవి. నీరు పోయినది, గిన్నె పోయినది, పిదప ముల్లుల గడియారము వచ్చినది. ఇపుడు చేతి ఫోనులో ముల్లులును లేవు, అంకెలు మాత్రమే ఉన్నవి. పేరు మాత్రము గడియారమే.

ఇందువలన సైన్సు ఉపాధ్యాయులకు ఒక చిక్కు వచ్చినది. తిరుగుడు దిశను తెలుపుటకు మనము "గడియారపు ముల్లు తిరుగు దిశ" అని చెప్పుచున్నాము. అంకెల గడియారము తప్ప మరొకటి చూడని బాలునకు ఆ దిశ ఏదో మొదట చూపవలసి ఉన్నది. ముల్లు ఆ దిశకే ఏల తిరుగుచున్నదని కూడ చెప్పవచ్చును. యాంత్రిక గడియారములు ఐరోపాలో పెరిగినవి. ఉత్తరార్ధగోళమున అటువంటి అక్షాంశములందు నేలపై పాతిన కర్ర నీడ ఉదయము పడమటను, మధ్యాహ్నము ఉత్తరమునను, సాయంకాలము తూర్పునను పడును. ఎండ గడియారపు నీడ నడచిన త్రోవనే ముల్లును నడచినదని చరిత్రకారులు తలంచుచున్నారు. ఒక మాటను విప్పినచో భూమి భ్రమణము వరకు పోగలిగితిమి!

అరిగిన రికార్డు

పాత పనిముట్ల మాటలే కాదు, నిన్నమొన్నటి యంత్రముల మాటలును మసకబారుచున్నవి. చెప్పినదే చెప్పువానిని "అరిగిపోయిన రికార్డు" అనుచున్నాము. గ్రామఫోను రికార్డుపై ఒకే గాడి వెలుపలి అంచు నుండి లోపలికి చుట్టలు చుట్టుకొని ఉండును. సూది ఆ గాడి వెంట సాగును. గీత పడి రెండు చుట్ల నడుమ గోడ తెగినచో, సూది ముందుకు పోక వెనుకటి చుట్టులోనికి జారును. అదే చుట్టు మరల పాడును. నిమిషమునకు 78 చుట్లు తిరుగు రికార్డుపై ఒక చుట్టుకు పట్టు కాలము సెకనులో నాలుగింట మూడు వంతులకు కొంచెము ఎక్కువ. అందువలననే ఒకే ముక్క గబగబ వినబడును. రికార్డు అరిగినందువలన ముఖ్యముగా కలుగునది బరబర శబ్దము. చెప్పినదే చెప్పించునది గీత. "గీత పడిన రికార్డు" అనినచో నిజమునకు దగ్గరగా ఉండును. పొరపాటు వాడుకలో స్థిరపడినది. దానిని మార్చలేము, మార్చనక్కరలేదు. ఎరిగి ఉండుట మేలు.

"తండ్రికి కార్బను కాపీ" అను మాటయు ఇట్టిదే. అచ్చముగా ఒకే పోలిక అని దాని భావము. మసిపూత కాగితమును నడుమ ఉంచి వ్రాసినవారికి తెలియును, క్రింది ప్రతి పై ప్రతికంటె ఎల్లప్పుడును మసకగానే ఉండును. నాలుగవ ప్రతిని చదువుట కష్టము. చేతి ఒత్తిడి ఒక్కొక్క కాగితము దాటునప్పుడు తగ్గుటయే కారణము. మాట అచ్చముగా పోలినదని చెప్పుచుండగా, వస్తువు పోలిక తగ్గుచుండునని చెప్పినది.

టెలిఫోనులో "పెట్టేయుట" మిగిలినది గాని పెట్టుటకు చోటు లేదు. పూర్వము మాటలాడు గొట్టమును దాని ఊయలపై ఉంచినచో, ఆ బరువుకు క్రింది మీట అణగి విద్యుద్వలయము తెగెడిది. ఇపుడు అద్దముపై వ్రేలు తాకించి "ఫోను పెట్టేసితిని" అనుచున్నాము. "నంబరు తిప్పుట" కూడ అట్టిదే. చిల్లుల చక్రమును త్రిప్పి విడిచినచో అది వెనుకకు వచ్చుచు, ఒకటికి ఒకసారి, తొమ్మిదికి తొమ్మిదిసార్లు, సున్నకు పదిసార్లు విద్యుత్ప్రవాహమును తెంచెడిది. "తంతి వచ్చినది" అనగానే ఇల్లాండ్రు ఏడ్పు మొదలుపెట్టిన దినములు కలవు. చెడువార్త తప్ప మరొకదానికి తంతి ఖర్చు పెట్టువారు పల్లెలలో తక్కువ. మన దేశమున తంతి సేవ 2013 జూలైలో ముగిసినది. పాత కథలలో తంతిని చూచి పాత్రలు ఏల గజగజలాడునో ఉపాధ్యాయులు చెప్పనిచో విద్యార్థికి అర్థము కాదు. ఇచ్చట పోవునది ఒక మాట మాత్రమే కాదు. ఆ కథలోని భయము కూడ పోవును.

శాస్త్రము తన మాటలను ఏమి చేసినది?

"కాలము చెల్లిన మాటలను త్రోసివేయుడు; శాస్త్రయుగమున ఇవి ఏల?" అనువారు కలరు. వారు శాస్త్రము వంకనే చూడవలెను. రాగి తీగ చుట్టలతో తిరుగు మోటారును రైతు "ఐదు హెచ్.పి. మోటారు" అనుచున్నాడు. హెచ్.పి. అనగా అశ్వశక్తి. జేమ్స్ వాట్ తన ఆవిరి యంత్రము శక్తిని గుఱ్ఱముల శక్తితో పోల్చి చెప్పిన నాటిదది. ఒక అశ్వశక్తి 746 వాట్లు. ఐదు అశ్వశక్తులు 3,730 వాట్లు. గుఱ్ఱము బావి వద్ద లేదు, పేరు మోటారుపై ఉన్నది.

ఆక్సిజనుకు మన పాత పుస్తకములలో "ఆమ్లజని" అని పేరు. ఆమ్లములన్నింటిని పుట్టించునది అదియే అని లవాయిజే తలంచి పెట్టిన పేరునకు ఇది తెలుగు. హైడ్రోక్లోరికామ్లమున ఆక్సిజను లేదని హంఫ్రీ డేవీ 1810 ప్రాంతమున తేల్చెను. భావము తప్పని తెలిసినను ప్రపంచము పేరు మార్చలేదు. కోపర్నికసు గ్రంథము 1543లో వెలువడినది. ఖగోళశాస్త్రజ్ఞులు సయితము నేటికిని "సూర్యోదయము" అనియే వ్రాయుచున్నారు. ఎవరును మోసపోవుట లేదు. ఏల? మాట వెనుకనున్న వస్తుస్థితిని వారు వేరుగా నేర్చుకొనిరి. శాస్త్రము పాత మాటకు జడియదు. అర్థము తెలియని మాటకు జడియును.

మరికొందరు ఇందుకు ఎదురుగా నిలిచి, ప్రతి పాత మాటను కాపాడవలెనని విలపింతురు. అదియు సరి కాదు. వృత్తులవారిని, స్త్రీలను, అవయవలోపము కలవారిని హేళన చేయు సామెతలు మన భాషలో తక్కువేమియు లేవు. అవి మరుగైనచో భాషకు నష్టము లేదు. అట్లే పిల్లలు తమ కాలపు వస్తువులతో కొత్త పలుకుబడులు కల్పించుకొనుచున్నారు. అలసినవాడు "నా చార్జింగు అయిపోయినది" అనుచున్నాడు. చెప్పినది అర్థము కానివాడు "సిగ్నలు అందలేదు" అనుచున్నాడు. వీనిని చూచి ముక్కు విరువనేల? పొయ్యిలో పిల్లిని చూచిన కన్నే ఇచ్చటను పని చేయుచున్నది. ఒకనాడు బ్యాటరీలును మారిపోవును. అపుడు ఈ మాటలకును వివరణము చెప్పువారు కావలసివత్తురు.

ఏమి చేయవలెను?

కనుక మన విమర్శ మాటల మీద కాదు, పట్టిక మీద. రెండు గడులకు మరి రెండు చేర్చవలెను. మొదటి గడిలో జాతీయము. రెండవ గడిలో అది పుట్టిన వస్తువు, వీలైనచో బొమ్మ. మూడవ గడిలో ఆ వస్తువు పనిచేయు విధము. నాలుగవ గడిలో అర్థము. మొదటి మూడు తెలిసిన విద్యార్థి నాలుగవదానిని చాలవరకు తానే చెప్పగలడు. అట్లు చెప్పినదానిని మరువడు.

మూడవ గడిని నింపుట తెలుగు ఉపాధ్యాయుడొక్కడే చేయదగిన పని కాదు. గానుగ, ఏతము, త్రాసు, పొయ్యి, గ్రామఫోను అను వానిని గూర్చి తెలుగు ఉపాధ్యాయుడును సైన్సు ఉపాధ్యాయుడును కలిసి నెలకొక పీరియడు జరుపవచ్చును. ఏతము చూపి తులాదండ సూత్రము చెప్పవచ్చును; ఏతమును గూర్చిన సామెతను ఆ వెంటనే చదివింపవచ్చును. ఇందుకు ప్రయోగశాల అక్కరలేదు, నిధులు అక్కరలేదు.

రెండవ గడిని నింపుటకు మాత్రము ఆలస్యము పనికిరాదు. గానుగ త్రోలినవారు, ఏతముపై నడచినవారు, కట్టెపొయ్యి ఊదినవారు, అణాలతో బేరమాడినవారు మన ఊళ్లలో ఇంకను ఉన్నారు. వారు వృద్ధులు. విద్యార్థులారా, వచ్చు సెలవులలో మీ అవ్వ వద్ద కూర్చుండి "పొయ్యిలో పిల్లిని నీవు చూచితివా?" అని అడుగుడు. చూచితినని ఆమె చెప్పినచో, అది ఏ వేళ వచ్చెడిదో, బూడిదలో ఎంత లోతున పడుకొనెడిదో, ఎట్లు లేపెడివారో అన్నియు అడిగి వ్రాసికొనుడు. ఆ కాగితమును తెచ్చి మీ ఉపాధ్యాయునకు చూపుడు. గైడు పుస్తకమున దొరకని గడి అది. దానిని నింపగలవారు ఆమెయు మీరును మాత్రమే.